తడి చూసి కొన్న జాగ

"...గుంటల మోటర్ పెట్టుకోని చీరలు నేసెటోడు లోకంల ఇంకెవడన్న ఉన్నడా, నువ్వే చెప్పమ్మా!"

"మెల్లగ మాట్లాడు. ఇంటడు."

"ఇననియ్యి. ఇనాల్ననే అంటున్న."

"ముందు ఛాయ్ తాగు. తాగినంక కొట్లాడు."

మాటలు వంటింట్లోంచి వస్తున్నాయి. ముందుగదిలో దశరథ మగ్గం గుంటలో నిలబడి జగ్గుతో నీళ్ళు తోడి బకెట్లో పోస్తున్నాడు. నీళ్ళు మోకాళ్ళు దాటి ఉన్నాయి. ఆ గుంట కోసమే ఒక చిన్న మోటారు కొని పెట్టుకున్నాడు. తెల్లారి లేచి చూసేసరికి అది కాలిపోయి ఉంది. కొడుకు ఉపేందర్ గొంతు ఆయనకు స్పష్టంగానే వినిపిస్తోంది. వినిపించనట్టు తోడుతూనే ఉన్నాడు. బకెట్ నిండితే గట్టు మీదికెత్తి, తానూ ఎక్కి, వాకిలి దాకా మోసుకుపోయి వీధిలో పారబోసి రావాలి. వీధి ఇంటికన్నా ఎత్తులో ఉంది. పారబోసిన నీళ్ళలో సగం మళ్ళీ వాకిట్లోకే వస్తాయి.

వాన పడి నాలుగు రోజులైంది. ఈ నీళ్ళు తలుపులోంచి వచ్చినవి కావు. గుంట అడుగున మట్టిలోంచి, చెమట పట్టినట్టు ఊరుతాయి. సరూర్‌నగర్ చెరువు నిండితే ఈ వీధిలో అందరికన్నా ముందు దశరథ మగ్గానికి తెలుస్తుంది.

"మూడో అంతస్తు, గాలి, ఎండ, అన్నీ ఉన్నయి. తాళంచెవి కూడ తీసుకున్న. బడంగ్‌పేట్ ఏమన్న పరదేశమా? నువ్వొస్తనంటవు, నాయిన రానంటడు. చంటిదాన్ని పట్టుకోని నీ కోడలు సుప్రియ చౌటుప్పల్‌ల వాళ్ళమ్మోళ్ళింట్ల ఎన్ని రోజులుంటది? పోరికి దగ్గు తగ్గిందాక గీ ఇంట్ల అడుగుపెట్టనన్నది. తప్పా?"

"తప్పని ఎవరన్నరు? ఆ మూడో అంతస్తుల గుంట ఎట్ల తవ్వుతరు, అంటున్నడు మీ నాయిన."

"తవ్వొద్దు! అదే చెప్తున్న. మా సేటు షోరూమ్‌ల మగ్గం పెట్టిండు గద. గుంట లేదు, కాళ్ళ మీద నిలబడేది. ఏసీల కూసోని నెయ్యాలె. వచ్చినోళ్ళు చూస్తరు, ఫోటో దిగుతరు."

"గాజు బీరువల బొమ్మ లెక్కనా?"

అన్నది రాజేశ్వరమ్మే, మాట ఆమెది కాదు. అది దశరథ నెల రోజుల కింద అన్న మాట. భర్త మాటను భార్య అలా దాచిపెట్టి, ఆయన పక్షాన వాడడం విని దశరథకు కొంచెం ధైర్యం వచ్చింది. జగ్గు మళ్ళీ ముంచాడు.

"బొమ్మనో, మనిషో. ఆడ పోగు తెగినా ఏం కాదు అమ్మా. అది అమ్మెటందుకు కాదు, చూపెట్టెటందుకే."

దశరథ చెయ్యి ఆగింది.

*

నేతగాడికి ఎండ పగ. పోచంపల్లిలో దశరథ చిన్నతనమంతా ఆ పగ మీదే నడిచింది. మాఘం పోతూనే తండ్రి అంతయ్య కిటికీలకు గోనెసంచులు కట్టి తడిపేవాడు. మగ్గం చుట్టూ మట్టినేల మీద పొద్దున ఒకసారి, పదింటికి ఒకసారి నీళ్ళు చల్లించేవాడు. గాలి ఎండితే పడుగు పోగు ఎండుతుంది, ఎండిన పోగు తెగుతుంది. మామూలు నేతలో తెగిన పోగును ముడివేసుకుని పోవచ్చు. వాళ్ళది పోగు మీదనే కట్టు కట్టి రంగు ముంచే నేత. ముడి దగ్గర పోగు వెంట్రుకవాసి జరిగితే ఏనుగు తొండం పోయి చిలక ముక్కు మీద వాలుతుంది. అందుకే అంతయ్య గుంటమగ్గమే మగ్గమనేవాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి, అంచు మీద కూచుని నేస్తే, గుంటలోని చల్లదనం పోగులకు కిందినుంచి అందుతుంది. "ఇల్లు కట్టుకునేటోడు ఎత్తు చూస్తడు, నేసెటోడు తడి చూస్తడు" అనేవాడు ఆయన.

ఆ ఇంట్లో ఇంకో పట్టింపు ఉండేది. మగ్గం మీద ఉన్న చీరను మధ్యలో కొయ్యరు. అంతయ్య పోయిన రోజున మగ్గం మీద సగం చీర ఉంది. బంధువులంతా ఇంట్లోనే ఉన్నా, దాని మీద తెల్లగుడ్డ కప్పారు కానీ కత్తెర పెట్టలేదు. దినాలు వెళ్ళాక దశరథ కూచుని తండ్రి వదిలిన చోటి నుంచి నేసి, కొంగు పూర్తి చేసి, అప్పుడు దించాడు. ఆ చీరను చూసినవాళ్ళెవరూ ఎక్కడిదాకా తండ్రిదో, ఎక్కడినుంచి కొడుకుదో చెప్పలేకపోయారు. దశరథకు ఈనాటికీ తన నేత మీద ఉన్న గర్వమంతా ఆ చీర దగ్గరే మొదలవుతుంది.

ఊళ్ళో నేస్తూ దళారికి అమ్మడం కన్నా, పట్నంలో ఉండి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు నేరుగా ఇస్తే నయమని రాజేశ్వరమ్మ తమ్ముడు చెప్పాడు. వచ్చారు. రెండు మూడేళ్ళు కిరాయి ఇళ్ళలో రేకుల కింద నేశాక, సొంత జాగ కొనాలని బయలుదేరారు. మన్సూరాబాద్‌లో గుట్ట వాలున ఒకటి చూశారు. రాజేశ్వరమ్మకు అది నచ్చింది. రోడ్డుకు దగ్గర, గాలి ధారాళం. దశరథ గునపం తెప్పించి ఒక పోటు పొడిచాడు. నిప్పురవ్వ లేచింది. జానెడు మట్టి కింద అంతా నల్ల బండ.

"బండ మీద గుంట ఎట్ల తవ్వుతమే?" అన్నాడు.

రెండో జాగ సరూర్‌నగర్ చెరువు పక్కన. వరసగా వానలు లేని కాలం అది. చెరువు ఎక్కడో దూరాన, ఎండిన బురద మధ్య, పళ్ళెంలో మిగిలిన చారులా ఉంది. దాని అంచులంతా బర్రెలు మేస్తున్నాయి. బర్రెల మధ్య తెల్లరాళ్ళు పాతి హద్దులు పెట్టి ఉన్నాయి. నడి వేసవి. దశరథ చెప్పు విడిచి మడమతో నేలను తొలిచాడు. పిడికెడు మట్టి తీసి పిసికాడు. అరచెయ్యి తడిసింది. పోచంపల్లిలో బిందెలు బిందెలు చల్లితే రాని తడి, ఎవరూ చల్లకుండానే నేలలో ఉంది. అమ్మేవాడు అబద్ధమాడాల్సిన అవసరం కూడా రాలేదు. దశరథ తిరిగి చూసే సరికి ముఖం వెలిగిపోతోందని రాజేశ్వరమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. "పెండ్లిల నన్ను చూసినప్పుడు గూడ గంత మురువలే" అంటుంది.

ఇల్లు కట్టకముందే గుంట తవ్వాడు.

మొదటి కొన్నేళ్ళు ఆ జాగ మాట నిలబెట్టుకుంది. ఎండలు మండే నెలల్లో కూడా పోగు తెగేది కాదు. పోగును మోసుకుంటూ నాడె అటూ ఇటూ నీళ్ళలో చేపలా పోయేది. ఆయన నేసిన చీరను వేళ్ళ మధ్య పట్టుకుని దుకాణాలవాళ్ళు "ఏం నేత అంతయ్య కొడుకా!" అనేవాళ్ళు. తండ్రి ముఖం ఎరగనివాళ్ళు కూడా.

తర్వాత వానలు తిరిగొచ్చాయి. మీర్‌పేట్ వైపున పైన ఉన్న చెరువుల చుట్టూ కాలనీలు లేచాయి. అక్కడ ఇంకాల్సిన నీరు ఇంకడం మానేసి కిందికి రాసాగింది. నీటితోపాటు ఆ ఇళ్ళ మురుగూ వచ్చింది. చెరువు మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంది. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదనే వేశారు. ఒకప్పుడు మెట్లెక్కి పోయే ఇంట్లోకి దశరథ కుటుంబం ఇప్పుడు మెట్లు దిగి పోతోంది. ఒకసారి మట్టి పోయించి నేల ఎత్తు చేశాడు. ఫ్యాను తలకు తగిలేంత దగ్గరికొచ్చింది. మూడో ఏడు గుంటలో మళ్ళీ నీళ్ళు కనిపించాయి. ఒక అక్టోబరులో చెరువు ఇంట్లోకే నడిచొచ్చింది. మనిషి ఛాతీ ఎత్తున నీళ్ళలో మగ్గం కట్టెలు తేలుతుంటే, దశరథ మేడ మెట్ల మీద కూచుని చూశాడు. నీళ్ళు తీశాక కట్టెలు కడిగి, ఎండబెట్టి, మళ్ళీ బిగించాడు. అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరు. ఇది చెరువు జాగ అని సర్వేవాళ్ళు వీధిలోని గోడలన్నిటి మీద ఎర్రగీత గీసి పోయాక, అడిగేవాళ్ళు కూడా రావడం మానేశారు.

మానంది దశరథ ఒక్కడే. నీళ్ళు తోడాలి, కూచోవాలి, నేయాలి. ఆయనకు రోజంటే ఇదే.

*

ఉపేందర్ ఛాయ్ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల షోరూములో సేల్స్‌మన్ వాడు. పనికి పోయే తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని ఉన్నాడు. ప్యాంటు తడవకుండా మడిచి, గుంట గట్టు మీద ఒక మూల కూచున్నాడు.

"ఇగో, తాగు నాయినా."

దశరథ తాగాడు. నీళ్ళలో నిలబడే తాగాడు.

"బట్టలమ్మెటోనివి, నీకు నేత గురించి చెప్పాల్నా?" అన్నాడు. "తెగినా ఏం కాదంటవా? తెగినా ఏం కాని దాన్ని ఏమంటర్రా? ఆట అంటరు."

"ఆటనే అనుకో. పానం సుఖంగ ఉంటది గద."

"ఎందుకు? నా చీర అమ్ముడువోతలేదా? పోతున్నది. పోయినన్ని రోజులు నేస్త. నువ్వు, మీ అమ్మ, సుప్రియ, పోరి, అందరు పోండ్రి బడంగ్‌పేట్. నన్ను ఈడ ఉండనియ్యి. పూటకింత కూడు వండుకునుడు నాకొస్తది."

"చెరువు మీద అలిగి కడుక్కోనట్టే ఉన్నది నీ కథ," అంది రాజేశ్వరమ్మ గడప దగ్గరికి వచ్చి. "ఎవరికి నష్టం?"

ఉపేందర్ నవ్వలేదు. తల్లి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపడం దశరథ చూశాడు.

"ఏంది?" అన్నాడు.

"ఏం లేదు, ఛాయ్ చల్లారుతది," అంది రాజేశ్వరమ్మ.

"వాడేదో చెప్పబోయిండు, నువ్వు వద్దన్నవు. ఏంది?"

ఉపేందర్ కాసేపు ప్యాంటు మడతలు సరిచేసుకున్నాడు.

"అమ్ముడువోతలేవు నాయినా," అన్నాడు చివరికి. "పోయిన వానకాలం సంది ఒక్కటి గూడ పోలే. అన్ని నా దగ్గర్నే ఉన్నయి. నీకిచ్చిన పైసలు నా జీతంలయి."

"ఎందుకు? రంగా? అంచా?"

"రంగు మంచిగనే ఉన్నది. చీర విప్పంగనే అందరు అబ్బ అంటరు. భుజం మీద ఏసుకోని అద్దంల చూసుకుంటరు. గప్పుడు... ముక్కు దగ్గర పెట్టుకుంటరు. పెట్టి, మడతపెట్టి, పక్కకు జరుపుతరు."

దశరథకు అర్థం కాలేదు. వాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"వాసనొస్తది నాయినా. మోరీ వాసన. చెరువుల మురుగు వాసన. కొన్న ఒక్క ఆమె గూడ తిరిగి తెచ్చింది. పెండ్లిల కట్టుకుంటే పక్కన కూసున్నోళ్ళు లేచి పోయిన్రని ఏడ్సింది. నేను షోరూమ్ మేడ మీద ఆరేసిన. ఎండల ఉన్నంతసేపు ఉండది. మడతపెడితే మళ్ళ వస్తది. పోగులకే పట్టింది అది."

"నాకొస్తలేదే," అన్నాడు దశరథ.

"నీకు రాదు."

అంత మెత్తగా వాడెప్పుడూ మాట్లాడలేదు. ఆ మెత్తదనానికే దశరథ భయపడ్డాడు. భార్య వైపు తిరిగాడు. ఆమె చీర కొంగుతో తలుపు చెక్కను తుడుస్తోంది. అక్కడ తుడవాల్సిందేమీ లేదు. ఏడాదిగా నేసి దించిన ప్రతి చీర మడతల్లో ఆమె వేపాకు, ముద్దకర్పూరం పెట్టడం ఆయనకు గుర్తొచ్చింది. పురుగు పట్టకుండా అనుకున్నాడు.

"నీకు ఎరుకనా?" అన్నాడు.

"నాకూ మొదల్ల రాలే," అంది రాజేశ్వరమ్మ. "నిరుడు సుప్రియ తోటి చౌటుప్పల్ పోయి నాలుగొద్దులు ఉండి ఒచ్చిన గద. ఒచ్చి తలుపు తీసిన. గప్పుడు తెలిసింది."

దశరథ గుంటలోంచి పైకెక్కాడు. కాళ్ళు తుడుచుకున్నాడు. పది రోజుల కిందట దించిన చీర పాత పంచెలో చుట్టి అటక మీద ఉంది. దాన్ని దించి విప్పి, మడత మధ్యలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. గంజి వాసన, రంగు వాసన, కర్పూరం. ఇంకోసారి పీల్చాడు. అవే.

చీర చంకలో పెట్టుకుని మేడ మెట్లెక్కాడు.

*

మేడ మీది వాటాలో గంగాధరరావు ఉంటాడు. ఉద్యోగాల పరీక్షలకు పిల్లలను తయారుచేసే కోచింగ్ సెంటర్లలో చరిత్ర, భూగోళం చెప్పే మాస్టారు. కైకలూరు మనిషి. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద పోస్టర్లలో ఆయన ఫోటో ఉండేది. ఇప్పుడు వారంలో కొన్ని క్లాసులు మాత్రమే ఇస్తున్నారు. మిగిలిన రోజుల్లో గది గోడకు నల్లబోర్డు తగిలించి, ఎదురుగా ఫోను నిలబెట్టి పాఠాలు రికార్డు చేస్తాడు. ఇంతకాలంగా ఈ ఇంట్లో ఉన్నాడంటే కారణం, ఇంకెక్కడా ఇంత తక్కువ కిరాయికి వాటా దొరకదు.

దశరథ గుమ్మంలో నిలబడ్డాడు. గంగాధరరావు చేత్తో ఆగమని సైగ చేసి పాఠం కొనసాగించాడు. బోర్డు మీద సుద్దతో హుస్సేన్‌సాగర్ గీసి ఉంది. దాని కింద ఒక చోట హైదరాబాద్, పైన ఒక చోట సికింద్రాబాద్.

"...చూడండి, చెరువు ముందు. నగరం తర్వాత. కుతుబ్‌షాహీల కాలంలో చెరువు తవ్వినప్పటికి చార్మినార్ ఇంకా లేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత నిజాంతో సంధి చేసుకుని బ్రిటిష్ పటాలం వచ్చింది. ఎక్కడ దిగింది? చెరువుకి ఉత్తరాన, మిట్ట మీద. నీళ్ళు దగ్గరగా కావాలి, కాళ్ళ కిందకి మాత్రం రాకూడదు. అలా పుట్టింది సికింద్రాబాద్. చెరువుకి ఈ గట్టున నిజాం ఊరు, ఆ గట్టున తెల్లవాళ్ళ ఊరు. పరీక్షలో ఏ సంవత్సరం అని అడుగుతాడు. మీరు మాత్రం ఎందుకక్కడ అని గుర్తుపెట్టుకోండి, సంవత్సరం అదే గుర్తుంటుంది."

ఫోను ఆపి, సుద్ద చేతులు దులుపుకున్నాడు.

"రండి దశరథ గారూ, కూర్చోండి. మోటారు చప్పుడు లేదేంటి పొద్దున్నుంచీ?"

"కాలిపోయింది సారూ." దశరథ కూచోలేదు. బోర్డు వైపు చూస్తున్నాడు. "తెల్లోళ్ళు మిట్ట చూసుకున్నరన్నట్టు."

"దండు దించేవాడు ఎవడైనా ముందు ఎత్తే చూస్తాడండీ. మా కొల్లేరు లంకల్లోనూ అంతే. దిబ్బ ఉన్నచోటే ఇల్లు."

"నేను తడి చూసిన," అన్నాడు దశరథ.

గంగాధరరావుకు ఆ కథ తెలుసు. మళ్ళీ చరిత్రలోకే పోయాడు. "మీరొక్కరే కాదులెండి. ఈ సరూర్‌నగర్ కూడా ఎవరో వజీరు మనసుపడ్డ ఆవిడ పేరు మీద వెలిసిందంటారు. ఆవిడ కోసం తోటలూ అవీ వేయించాడట. వాళ్ళూ చెరువు చూసే వచ్చారు. ఒడ్డున కూర్చుని చూసి పోయారు, అంతే తేడా. మనం లోపలికొచ్చి పడుకున్నాం."

నవ్వాడు. దశరథ నవ్వలేదు. చంకలోని పంచె విప్పి, చీర తీసి రెండు చేతులా చాచాడు.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు, అబద్ధమాడరు. జర చూడుర్రి."

గంగాధరరావు చీర అందుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు. ముదురు ఎరుపు, అంచున వరసగా ఏనుగులు. "బ్రహ్మాండమండీ. ఈ ఏనుగుల వరస ఎక్కడా తప్పలేదు చూడండి..."

"నేత కాదు సారూ. వాసన చూడుర్రి."

"వాసనా?"

"ముక్కు దగ్గర పెట్టుకోండ్రి. మడతల."

గంగాధరరావు ఇబ్బందిపడుతూ చీరను ముఖం దగ్గరికి తీసుకున్నాడు. పీల్చాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాడు.

"కర్పూరం వాసనొస్తోందండీ."

"ఇంకేం వస్తలేదా?"

"ఇంకేం రావట్లేదు."

"మోరీ వాసన?"

"లేదే. అస్సలు లేదు. ఎవరన్నారు?"

దశరథ అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. "మావాడన్నడు. చీరలు అమ్ముడువోతలేవంట. మోరీ వాసనొస్తదంట. నీకు రాదు నాయినా అంటడు. మా ఆమె గూడ వానికే వంత. నాకు తెల్వదా సారూ? పుట్టిన సంది పోగుల్ల ఉన్న. నన్ను షోరూమ్‌ల కూసోవెట్టాలె, గుంట పూడ్వాలె, గందుకు గీ కథ చెప్పిన్రు..."

మాట్లాడుతూ తల ఎత్తాడు. గంగాధరరావు వినడం లేదు. చీర చేతుల్లోనే ఉంది కానీ, ఆయన చూపు తలుపు వెనక మేకుకు తగిలించిన తన చొక్కా మీద ఉంది. ఇస్త్రీ చేసిన చొక్కా. రేపు క్లాసుకు వేసుకుపోయేది.

"సారూ?"

గంగాధరరావు చీర మంచం మీద పెట్టాడు. వెళ్ళి చొక్కా దించి, దాని చంక దగ్గర, కాలరు దగ్గర వాసన చూశాడు. మళ్ళీ తగిలించాడు.

"క్లాసులో పిల్లలు ముందు బెంచీలు ఖాళీగా వదిలేసి కూర్చుంటున్నారండీ," అన్నాడు. "ఈమధ్యనే. ముందుకి రండర్రా అంటే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు, రారు. నేనంటే భయం అనుకున్నాను."

దశరథ కూడా ఆ చొక్కా వైపు చూశాడు.

"స్టాఫ్ రూములో నేను కూర్చోగానే ఎవరో ఒకరు లేచి ఫ్యాను పెంచుతారు. ఉక్కగా ఉందనుకున్నాను." గంగాధరరావు కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది. ఇక్కణ్ణించి చూస్తే నీళ్ళు కనిపించవు, గుర్రపుడెక్క పచ్చిక మైదానంలా కనిపిస్తుంది. "నా ముక్కుకి ఏమీ రావట్లేదు దశరథ గారూ. నిజంగానే రావట్లేదు. కాని నేనూ ఇక్కడే కదా ఉంటున్నాను. నన్నడిగి ఏం లాభం?"

కింద వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"ఇల్లు చూసుకుంటరా సారూ?" అన్నాడు దశరథ.

"ఎక్కడ చూసుకోమంటారు?"

దశరథ చీర మడతపెట్టుకున్నాడు. అలవాటుగా అంచుకు అంచు కలిపి, కొంగు లోపలికి వచ్చేలా, ఎక్కడా ముడత లేకుండా. పంచెలో చుట్టుకున్నాడు. గడప దాటుతుంటే గంగాధరరావు వెనకనుంచి, "ఎండలో వేస్తే పోతుందేమోనండీ," అన్నాడు. ఏ సంగతి గురించి అన్నాడో, చీర గురించో చొక్కా గురించో, ఆయనకే తెలిసినట్టు లేదు.

*

కిందికి వచ్చేసరికి ఉపేందర్ వాకిట్లో బూట్లు తొడుక్కుంటున్నాడు. రాజేశ్వరమ్మ రాట్నం ముందు కూచుంది. నాడెలో పెట్టే కండెలు చుడుతోంది. ఇప్పుడా కండెలతో ఎవరికీ పనిలేదు. అయినా చేతులు ఊరుకోక చుడుతోంది. దశరథను చూసి రాట్నం ఆపింది.

ఆయన గుంట దగ్గరికి పోయి వంగి చూశాడు. పొద్దుటినుంచి తోడినదంతా మళ్ళీ ఊరింది. నీళ్ళు మొదట ఉన్న గీత దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. మగ్గం మీద పసుపు చీర సగానికి పైగా అయి ఉంది. పడుగు పోగులు నీళ్ళ మీదుగా బిర్రుగా, ఒక్కటి కూడా తెగకుండా సాగి ఉన్నాయి. ఆయన అరచేత్తో వాటిని నిమిరాడు. మెత్తగా, తడితడిగా ఉన్నాయి. ఇంత మంచి పోగు పోచంపల్లిలో ఏనాడూ లేదు.

అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు.

"సారు ఏమన్నడు?" అంది రాజేశ్వరమ్మ.

"ఆయనకూ వస్తలేదంట."

ఆ మాట వినగానే ఆమె ముఖం వాడిపోయింది. ఆయన గెలిచొచ్చాడనుకుంది. ఇక ఈ మనిషి కదలడనుకుంది. మళ్ళీ రాట్నం తిప్పబోయి, దశరథ గూట్లోకి చెయ్యి పెట్టడం చూసింది. గూట్లో కత్తెర ఉంటుంది. కొంగు పూర్తయి చీర దించే రోజున తప్ప ఆయన దాన్ని తాకడు.

"అది దేనికి?" అంది. "మగ్గం మీది చీర ఇంకా కాలేగదయ్యా."

ఉపేందర్ ఒక కాలికి బూటుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"కోస్త," అన్నాడు దశరథ. "ఉపేందర్, మట్టి బండి ఒకటి తెప్పియ్యి, గుంట పూడ్చుదాం. సోమారం సంది షోరూమ్‌కొస్తనని మీ సేటుకు చెప్పు."